బావగారు తాగొచ్చిన టీ

మా బావగారు జపాను వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ అక్కయ్య వాళ్లింట్లో చెప్పులకి మహా మర్యాద జరుగుతోంది. ఎవరైనా చుట్టం వస్తే చాలు, ఆయన స్వయంగా వంగి, విడిచిన చెప్పుల్ని మడమలు ఇంటివైపూ వేళ్లు వీధివైపూ వుండేట్టు తిప్పి జోడుగా పెడుతున్నారు. వెళ్లేటప్పుడు తడుముకోకుండా కాలు దూర్చుకోవచ్చునట. తన చెప్పులు ఏ మూల విడిచారో తెలియక నలభై ఏళ్లు ఇల్లెగిరిపోయేట్టు అరిచిన మనిషి! బాగానే వుంది, కాదనను. కాని చుట్టాలు బెదురుతున్నారు. వచ్చీ రాగానే చెప్పులు వీధివైపు తిప్పితే మన వైపు దాని అర్థం వేరు గదా.

మా మేనల్లుడు ఒసాకాలో వుద్యోగం చేస్తున్నాడు. వాడి తోటి వుద్యోగస్థుడి తల్లిగారు ఊజీలో వుంటారు. ఊజీ అంటే క్యోటో పక్కన ఊరు. మిరపకాయకి గుంటూరెంతో తేయాకుకి అదంత. ఆ పెద్దావిడ ఏళ్ల తరబడి టీ కలపడం నేర్చుకున్నారట. టీ కలపడం నేర్చుకోవడమేమిటని నవ్వకండి, సంగీతం నేర్చుకున్నట్టే అక్కడ దానికి గురువులూ, శిష్యులూ, సంప్రదాయాలూ వున్నాయి. ఆవిడ మా బావగార్నీ అక్కయ్యనీ ఒక పూట ఇంటికి పిలిచారు. ఆ ఒక్క పూటనీ మా బావగారు ఆరు నెలలుగా చెబుతున్నారు.

గుమ్మం లోపల ఒక పల్లపు జాగా, చెప్పులు అక్కడ విడవాలి. మెట్టెక్కితే ఇల్లు. గడ్డితో నేసిన దిండ్లలాంటి చాపలు గది నిండా పరిచి వుంటాయి, వాటి మీదికి ఇంట్లో తిరిగే మెత్తటి చెప్పులు కూడా రాకూడదు. చాప అంచు తొక్కకూడదు. గడప తొక్కకూడదు. గోడలో ఒక గూడు లాంటి చోటు, అందులో ఒక చుట్టతీసిన బొమ్మ, ఒకే ఒక పువ్వు. దానికి దగ్గర్లో కూర్చోబెడితే పెద్ద మర్యాద. నేల మీదే కూర్చోవడం. స్నానమంటారా, ముందు బయట కూర్చుని ఒళ్లంతా రుద్దుకుని, కడుక్కుని, ఆ తర్వాతే వేడినీళ్ల తొట్టిలో దిగాలి. ఆ నీళ్లలోనే ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు దిగుతారు కనక ఎవరూ మురికితో దిగరు. చుట్టం వుంటే మొదటి వంతు చుట్టానిది.

"ఇదంతా మనదేనోయ్!" అంటారు బావగారు, తొడ చరిచి. "కాళ్లు కడుక్కుని లోపలికి రావడం మనది కాదూ? గడప తొక్కొద్దనడం మనది కాదూ? పీటా, చాపా మనవి కాదూ? వాళ్లు నిలబెట్టుకున్నారు, మనం పోగొట్టుకున్నాం."

ఇక్కడే నాకు మండింది.

పోగొట్టుకున్నాం అంటే ఏదో సంతలో జేబులోంచి జారిపోయినట్టు చెబుతారేమిటి? ఆయన ఇల్లు పర్చూరు దగ్గర. (ఈ ఇల్లు 1970 దాకా గుంటూరు జిల్లాలో వుండేది, తర్వాత ప్రకాశంలో పడింది, 2022 నుంచీ బాపట్ల జిల్లాలో వుంది. ఇల్లు కదల్లేదు, జిల్లాలే కదులుతున్నాయి.) మండువా లోగిలి. వీధి పొడుగునా రెండు అరుగులు, గుమ్మం పక్కన గోలెం, గోలెం మీద చెంబు. ఎండనపడి వచ్చిన పోస్టుమేనూ, మగ్గం గుడ్డలు అమ్ముకునే చీరాల మనిషీ ఆ అరుగు మీద కాసేపు నడుం వాల్చి పోవడం నేను చూశాను. కారు కొన్నప్పుడు ఆ అరుగుల్లో ఒకటి పగలగొట్టించింది ఎవరు? రెండోదాని మీద ఎవరూ కూర్చోకుండా ఇనప కటకటాలు బిగించింది ఎవరు? మండువా కప్పేసి శ్లాబు పోయించింది, భోజనాల బల్ల వేయించింది ఎవరు? జపాను వాడు వచ్చి చేశాడా? మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి బల్ల కావాలి, సరే. అరుగుకి ఏం నొప్పి వచ్చిందండీ?

అయినా ఇది చిన్న తగాదా. పెద్ద తగాదా ఏమిటంటే, బావగారు ఇప్పుడు ఆ అరుగు మళ్లీ కట్టిస్తానంటున్నారు. దారిన పోయేవాళ్ల కోసం కాదు, డబ్బిచ్చి వచ్చేవాళ్ల కోసం. "పల్లె అనుభవం" అని పేరు పెడతారట. హైదరాబాదు నుంచీ, అమెరికా నుంచీ వచ్చిన వాళ్లూ, నాగార్జునకొండా అమరావతీ చూడవచ్చే జపాను వాళ్లూ ఇంట్లో దిగుతారు. జపానులో చాలా బౌద్ధ శాఖలకి మన ఆచార్య నాగార్జునుడు ఆదిగురువుల్లో ఒకడు, కనక వాళ్లు రాకపోరు అని ఆయన లెక్క. వచ్చినవాళ్లకి ఎడ్లబండి, అరిటాకు, గోంగూర, ఆడవాళ్లకి చీర కట్టించి ఫోటో. మిరప కల్లం కూడా చూపిస్తారు. ఎర్రగా ఎకరాల మేర పరిచి వుంటే ఫోటోకి ఎంత బాగుంటుంది! "ఊజీలో ఆవిడ చేసిందే నేను చేస్తున్నా, మన సంస్కృతి మన ఇంట్లో చూపిస్తున్నా, తప్పేముంది?" అంటారు.

డబ్బు పుచ్చుకోవడం తప్పని నేననను. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర జరిపినప్పుడు దేశదేశాల నుంచి జనం లక్షకి పైగా వచ్చారు. ధాన్యకటకంలోనే కాలచక్రం మొట్టమొదట బోధించారని వాళ్ల నమ్మకం. ఆ చిన్న ఊళ్లో గది వున్న ప్రతివాడూ గది అద్దెకిచ్చాడు. అందులో దాపరికం లేదు. గదికింత అన్నారు, ఇచ్చారు, పుచ్చుకున్నారు. దానికి ఎవరూ సంస్కృతి అని పేరు పెట్టలేదు. అద్దెని అద్దె అనుకున్నంతవరకూ నాకేం పేచీ లేదు. బావగారు అమ్మదలచుకున్నది గది కాదు, మన ఆతిథ్యం. అమ్మేముందు సరుకు ఎలాంటిదో చూసుకోవద్దూ? గుంటూరు యార్డులో మిరపకాయ కొనేవాడు కూడా బస్తాలోంచి నాలుగు కాయలు తీసి విరిచి చూస్తాడే.

మొదటి కాయ. ఊజీలో టీ కలిపింది ఎవరు? పిలిచినావిడే. నీళ్లు కాగబెట్టింది, గిన్నె తుడిచింది, తేయాకు పొడి వెదురు చీపురులాంటి దానితో నురగొచ్చేట్టు గిలక్కొట్టింది, మోకాళ్ల మీద జరిగి వచ్చి అతిథి ముందు పెట్టింది ఆవిడే. ఈ టీ పద్ధతికి ఒక రూపు దిద్దినవాడు సెన్ నో రిక్యూ అని, 1522లో సకాయి రేవులో వర్తకుల ఇంట పుట్టాడు. మగవాడే, పెద్ద పేరున్నవాడే. పిలిచినవాడు తన చేత్తో తానే బొగ్గులు సర్ది, నీళ్లు కాచి, కలిపి ఇవ్వాలన్నదే ఆ పద్ధతికి ప్రాణం. మరి మన ఇంట్లో? మన ఇంట్లో ఆతిథ్యమంటే పడక కుర్చీలోంచి "ఏమేవ్, ముగ్గురికి కాఫీ!" అని కేక వేయడం. ఆ ముగ్గురూ పదముగ్గురైనా కేక అంతే. చుట్టాల్ని దేవుళ్లన్నది ఉపనిషత్తు కావచ్చు గాని, ఆ దేవుళ్లకి నైవేద్యం వండి, ఆఖర్న గిన్నెలో మిగిలిన దానితో లేచింది మా అక్కయ్య. ఊజీ నుంచి వచ్చాక అక్కయ్య నాతో ఒకే ఒక మాట అన్నది: "నా జన్మలో నేను కూర్చుని వుండగా ఎవరైనా నాకు కలిపి ఇచ్చిన టీ అదొక్కటేరా." బావగారి ఆరు నెలల వుపన్యాసంలో ఈ ముక్క లేదు. "పల్లె అనుభవం" పెడితే వండేది ఎవరని అడిగాను. "మీ అక్కయ్య వంటకి తిరుగేముంది!" అన్నారు.

రెండో కాయ ఇంకా ఘాటు.

ఆ పూట ఆవిడ రెండు రకాల టీ ఇచ్చారట. ఒకటి పల్చనిది, ఎవరి గిన్నె వారిది. అంతకుముందు ఇచ్చింది చిక్కటిది, మన అంబలి కంటే చిక్కన. అది అందరికీ కలిపి ఒక్కటే గిన్నె. మొదటి అతిథి రెండు మూడు గుక్కలు తాగి, అంచు తుడిచి, పక్కవాడికి అందించాలి. అతను తాగి, తుడిచి, ఆ పక్కవాడికి. మా బావగారి వంతు మూడోది. ఆయన ముందు తాగినవాళ్లలో ఒకాయన పక్కింటాయన, ఇంకొకాయన ఎవరో, ఏం పనిచేస్తాడో ఆయనకి తెలియదు. "ఎంగిలి అనిపించలేదా బావగారూ?" అన్నాను. "ఛ, అక్కడ అలా అనుకోకూడదోయ్, అదొక పవిత్రమైన భావన" అన్నారు కళ్లు మూసుకుని.

ఆ టీ గదికి పాత పద్ధతిలో ఒక వాకిలి వుంటుంది. రెండడుగుల పైచిలుకు చదరం, అంతే. నిలబడి వెళ్లడానికి వీల్లేదు, మోకాళ్ల మీద పాక్కుంటూ దూరాలి. కత్తి వున్నవాడు కత్తి బయట కొయ్యకి పెట్టి రావాలి. జమీందారైనా తల వంచాల్సిందే, లోపల అందరూ సమానమే అన్నది నియమం. నియమం వున్నచోటల్లా ఆచరణ వుందని నేననుకోను. రిక్యూ చేతి టీ తాగిన ఏలిక హిదెయోషి బంగారపు రేకులు తాపిన టీ గది ఒకటి కట్టించుకున్నాడు, చివరికి 1591లో ఆ రిక్యూనే కడుపు కోసుకుని చావమని ఆజ్ఞ వేశాడు. ఆ దేశంలోనూ తోలు పని, కటిక పని చేసేవాళ్లని ఊరవతల పెట్టారు. 1871లో ప్రభుత్వం ఆ తేడా రద్దుచేసినట్టు కాగితం మీద రాసింది. అయినా 1922లో వాళ్లు తమ హక్కుల కోసం సుయిహెయ్‌షా అని సంఘం పెట్టుకోవలసి వచ్చిందంటే ఆ కాగితం ఎంతమాత్రం పనిచేసిందో తెలుస్తూనే వుంది. కనక జపాను వాళ్లు దేవతలని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. వాళ్ల లెక్క వాళ్లు చూసుకుంటారు. మా బావగారి లెక్క నేను చూడాలి గదా, ఆడపిల్లనిచ్చిన ఇంటివాణ్ణి.

మన గడప తొక్కకూడదన్నది నిజమే. కాని ఆ గడప దాటకూడనివాళ్లు ఎంతమందో ఆయన చెప్పరేం? ఆ అరుగు మీద పోస్టుమేను కూర్చున్నాడన్నాను. అరుగు కింద నిలబడ్డవాళ్లని కూడా నేను చూశాను. గోలెంలో చెంబు ముంచి వాళ్లు నీళ్లు తీసుకునేవాళ్లు కాదు, ఎవరో పైనుంచి పోస్తే దోసిలి పట్టేవాళ్లు. మా ఊరి టీ కొట్లో రెండు రకాల గ్లాసులుండేవి, ఒకటి బల్ల మీద, ఒకటి చూరు కింద. చూరు కింద గ్లాసు తాగినవాడే కడిగి పెట్టాలి. అదీ మా చిన్నప్పటి టీ పద్ధతి. దానికీ నియమాలున్నాయి, దానికీ శిష్యపరంపర వుంది. చీరాల నుంచి పర్చూరు వచ్చే దోవలో కారంచేడు వుంది. 1985 జులైలో అక్కడ మంచినీళ్ల చెరువు మురికి చేయొద్దన్న మాట మీద మొదలై ఆరుగురు మాదిగల ప్రాణాలు పోయాయి. మా ఇళ్లలో గోలెం నీళ్లతో కాళ్లు కడుక్కునే ఆచారం ఎంత గొప్పదో చెప్పేవాళ్లు ఆ చెరువు నీళ్ల సంగతి కూడా అదే నోటితో చెప్పాలి. వినుకొండలో పుట్టిన జాషువా 1941లో గబ్బిలాన్ని దూతగా పంపడం ఎందుకనుకున్నారు? హంసలూ మేఘాలూ దొరక్క కాదు. తన కథలో మనిషిని గుడిలోకి రానివ్వరు, గబ్బిలాన్ని మాత్రం ఆపేవాడు లేడు. అందుకని.

"అవన్నీ పాత సంగతులు, ఇప్పుడెక్కడున్నాయోయ్" అన్నారు బావగారు. ఇప్పుడు టీ కొట్లో కాగితం గ్లాసులొచ్చాయి. తాగి పారేయడమే కనక ఎవరిది ఏ గ్లాసో గొడవ లేదు. అది సమానత్వమో, కాగితం కంపెనీ వాడి లాభమో మీరే చెప్పండి. సరే, పాత సంగతులు వదిలేద్దాం. ఈ ఏటి సంగతే మాట్లాడుకుందాం.

మన నల్లరేగళ్లకి ఏటేటా చుట్టాలొస్తారు. జపాను నుంచి కాదు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి. అక్కడ వానలు నమ్ముకుని బతకలేక, ఇళ్లకి తాళాలు వేసి, పిల్లాజెల్లాతో, జొన్నపిండి మూటలతో పత్తి తీతకీ, మిరప కోతకీ వస్తారు. నెలల తరబడి వుంటారు. పొలం గట్టున టార్పాలిను కప్పిన గుడిసె వేసుకుంటారు. బడికి పోవాల్సిన పిల్ల గుడిసెలో తమ్ముణ్ణి ఆడిస్తూ కూర్చుంటుంది. రాత్రి చలికి చలి, పాములకి పాములు. ఒక బోరు పంపు దగ్గర నీళ్లు, బయలే పాయిఖానా. వాళ్లు కోసిన కాయే కల్లాల్లో ఎర్రగా మెరిసేది. బావగారు అతిథులకి చూపించి ఫోటోలు తీయిస్తానన్నది ఆ కాయే. బావగారి ఇంట్లో వెనక వసారా వుంది, పాత గొడ్ల చావిడి వుంది, ఎడ్లు పోయి పదిహేనేళ్లయింది గనక ఖాళీగానే వుంది. (ఎడ్లబండి ఎక్కిస్తానంటున్నారు గాని ఎడ్లెక్కడివి? అద్దెకి తెస్తారట.) ఇన్నేళ్లలో ఒక్క కోత కాలంలోనైనా, ఒక్క కుటుంబాన్నైనా ఆ చావిట్లో పడుకోమన్నారా? ఇంటి పంపు దగ్గర స్నానం చేసి పొమ్మన్నారా? అక్కయ్య ఒకసారి బాలింత వుందని పిలవబోతే, "అలవాటు చేయకు, రేపు పోమంటే పోరు" అన్నారు.

ఇదేమీ మా బావగారి ఒక్కరి దుర్మార్గం కాదు, ఆయన మంచివాడే. కూలి ఎగ్గొట్టరు, జ్వరమొస్తే ఆస్పత్రికి ఆటో పంపిస్తారు. అసలు సంగతి వాళ్లు అతిథులన్న వూహే ఆయనకి తట్టలేదు. నలుగురిలో చెప్పుకోవడానికి పనికొచ్చే మనిషే మన లెక్కలో అతిథి. మూడు నెలలు మన పొలంలో వున్న మనిషి పేరు తెలియదు, మూడు గంటలు కూర్చోబెట్టినావిడ ఇంట్లో పువ్వు ఏ రంగుదో ఆరు నెలలైనా గుర్తుంది.

మొన్న ఫిబ్రవరిలో అక్కయ్య వాళ్లింటికి వెళ్లినప్పుడు సాయంత్రం ఇద్దరం పొలం వెళ్లాం. కోత ముగిసి కూలీలు గుడిసెల దగ్గర పొయ్యిలు ముట్టించారు. ఒక ముసలావిడ జొన్నరొట్టె తడుతోంది. అరచేతుల మధ్య తిప్పితిప్పి పెనమంత చేస్తుంటే, చెప్పొద్దూ, ఆ పనితనం ముందు వెదురు చీపురుతో టీ గిలక్కొట్టడం ఏపాటి! నన్ను చూసి, "రా అన్నా, కూకో" అంది. గోనెపట్టా ఒకటి తీసి దులిపి, శుభ్రంగా వున్న పక్క పైకి వచ్చేట్టు తిప్పి పరిచింది. చెప్పులు బయట విడిచి లోపలికెళ్లాను. వేడి రొట్టె, దాని మీద బుడ్డల కారం. బుడ్డలంటే వేరుశనగలు, మన మాట వాళ్లకి తెలిసినా వాళ్ల మాట మనం నేర్చుకోలేదు. తర్వాత టీ వచ్చింది. వాళ్లకి గ్లాసులు రెండే వున్నాయి, మనుషులు ఆరుగురం. ఒకరు తాగి, నీళ్లతో తొలిచి ఇంకొకరికి ఇస్తున్నారు. చుట్టాన్ని కనక మొదటి గ్లాసు నాకిచ్చింది.

బావగారు గట్టు మీదే నిలబడ్డారు. ఆవిడ పిలిచింది కూడా. "నాకు షుగరమ్మా, టీ పడదు" అన్నారు. ఊజీలో పడిందే అని నేను అనలేదు, పెద్దవాడు. ఆ టీలో పంచదార వేయరని ఆయన వాదించగలడు కూడా.

తిరిగొస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వూరి దీపాలు కనపడ్డాక, "లోపల ఎలా వుందోయ్?" అని అడిగారు.

"వాకిలి చిన్నది బావగారూ" అన్నాను. "వంగి వెళ్లాలి."